చేయి తిరగడం

ఫారంలో గడి చిన్నది.
"ఈ టర్మ్‌లో సాధించిన వృత్తి నైపుణ్యాలు.
ఒక్కోదానికీ ఐదులో ఎంత?"
శుక్రవారం నాలుగింటిలోపు పంపాలి.
నవంబరు షెఫీల్డ్‌లో మూడున్నరకే
వీధి దీపాలు పగటి మీద ఆశ వదులుకుంటాయి.

సాఫ్ట్‌వేర్ అని రాశాను, నాలుగు.
నిజానికి మూడు.
అంచుల్ని గుండ్రం చేసే ఆజ్ఞ ఒకటుంది అందులో,
అంకె కొడితే చాలు, ఎంత పదునైనా తల వంచుతుంది.
సీసా మూత తిప్పడానికి నేను గీసిన పిడి
తెర మీద బరువు లేకుండా తిరుగుతూ ఉండేది,
ఎవరి చేతికీ అందనక్కర్లేనట్టు.

వర్క్‌షాప్‌లో కీత్ ఓల్డ్రాయిడ్ దాన్ని చూసి
"బాగుంది. ఇప్పుడు చెయ్యి" అన్నాడు.
బెంచి మీద అల్యూమినియం దిమ్మ పెట్టి
నా చేతికో ఫైల్ ఇచ్చి
టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఫైల్ అంటే అప్పటిదాకా నాకు
సేవ్ చేసుకునేది.

మూడు రోజులు అరగదీశాను.
ముందు గోళ్లు అరిగాయి, తర్వాత ఓపిక,
అన్నిటికన్నా చివర లోహం.
"వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తు," అన్నాడు కీత్,
"దాని పళ్లు ముందుకే కొరుకుతాయి."
ఈ ముక్క ఏ వీడియోలోనూ లేదు.
ఉన్నా, ఒకటిన్నర వేగంలో దాటేసి ఉంటాను.

మూడో సాయంత్రం ఎందుకో ఒక మాట పైకి తేలింది:
ఆకురాయి.
చీరాలలో సైకిల్ షాపు ముందు విన్నానేమో,
నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో మాత్రం కాదు.
ఆకేమిటి, రాయేమిటి, ఇది ఉక్కు కదా
అని నవ్వుకుంటూ దీపం కింద పెట్టి చూస్తే
ఒంటినిండా ఏటవాలు గీతలు,
ఆకు మీద ఈనెల్లా.

మంగళవారం ట్రామెక్కి హిల్స్‌బరో వెళ్లాను.
డోరీన్ స్టానిఫోర్త్, డెబ్బై తొమ్మిదేళ్లు,
అందులో ఇరవై ఆరు చెంచాలకి మెరుగు పెట్టడంలోనే పోయాయి.
ఇప్పుడామె వేళ్లు అల్లం కొమ్ములు.
బీట్‌రూట్ ఊరేసిన సీసాకి నా పిడి తగిలించి
తిప్పబోయింది.
తిరగలేదు.
మూత కాదు, మణికట్టు.

"ఎంత అందంగా ఉందో, తల్లీ" అంది,
ఎదుటివాళ్లు నొచ్చుకోకూడదని మనుషులు దాచుకునే గొంతుతో.
తర్వాత దాన్ని తిరగేసి, అంచు వెంట బొటనవేలు జరిపి
"ఇక్కడ విసుగొచ్చింది నీకు" అంది.
సరిగ్గా గురువారం నేను వదిలేసిన చోట.
కళ్లజోడు టీవీ మీదే ఉంది.

పని వచ్చినవాళ్లని మా భాషలో
చేయి తిరిగినవాళ్లంటారని
చెబుదామనుకున్నాను.
ఆ చేతిని ఎదురుగా పెట్టుకుని
చెప్పలేకపోయాను.

"మరి రోజూ ఎలా తెరుస్తారు?"
ముందే అడగాల్సిన ప్రశ్న. పిడి గీయకముందు,
దిమ్మ కోయకముందు, అసలు ట్రామెక్కకముందు.

ఆమె లేచి, సీసాని సొరుగులో ఇరికించి,
తుంటితో సొరుగు నెట్టి పట్టి,
అరచెయ్యి మూత మీద పరిచి
ఒళ్లంతా ఒక పక్కకి వాల్చింది.
టక్.

తిప్పింది చేయి కాదు.
పట్టుకోవాల్సింది మూత కాదు, సీసా.
నా స్కెచ్‌బుక్కులో పద్దెనిమిది బొమ్మలు,
పద్దెనిమిదీ మూతలే.

వచ్చేటప్పుడు బీట్‌రూట్ ముక్కలు డబ్బాలో పెట్టిచ్చింది.
గట్టిగా మూయలేదు, మూయలేదు కదా ఆమె.
ట్రామ్ దిగేసరికి సంచి తడిసి
పద్దెనిమిది మూతలూ ఎర్రబడ్డాయి.
తుడవలేదు నేను.

శుక్రవారం, మూడూ యాభై.
సాఫ్ట్‌వేర్‌ని మూడుకి దించాను.
దాని కింద తెలుగులో కొట్టాను:
ఆకురాయి, ఒకటి.
గడి ఆ అక్షరాల్ని గుర్తుపట్టక
ఖాళీ చతురస్రాలు చూపించింది, నాలుగు.
అలాగే పంపేశాను.

వర్క్‌షాప్ ఐదున్నర దాకా తెరిచే ఉంటుంది.