ఇడ్రిస్ తొక్కిన వెలుగు

రోండా లోయలో ఈ గుట్ట దేవుడు చేసింది కాదు.
నూరేళ్లు గనిలోంచి ఎత్తిపోసిన రాళ్లూ బూడిదా.
ఇప్పుడు పైన గడ్డి. గడ్డి మీద గుడారాలు.
గుడారాల్లో జుట్టుకు పచ్చరంగేసుకున్న పిల్లలు,
చెప్పుల్లేని తాత్వికులు, తొమ్మిది రకాల టీ.

నా మెడలో ఒక బిళ్ల: "బ్యాటరీ కాపలా".
వారమంతా స్వాన్సీ సబ్‌స్టేషన్‌లో
నూటముప్పై రెండు కిలోవోల్టులతో కాపురం చేసేదాన్ని,
ఇక్కడ పన్నెండు వోల్టులకు
పసిపిల్లకు పట్టినట్టు గొడుగు పట్టి కూర్చున్నాను.

మూడు రోజుల ముసురు.
సూర్యుడి మీద నడవాల్సిన వేదిక
సూర్యుణ్ణి చూడనే లేదు.
కెరిస్ పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ము కోసి గాలిమర చేసింది;
అది తిరిగినప్పుడల్లా
ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు.
కిందికి పోతే మరుగుదొడ్ల దగ్గర బోర్డు:
మీ ఉచ్చే మా దీపం.
వరుసలో ఉన్నవాళ్లు నవ్వుతూనే లోపలికి పోయి
బయటికొచ్చి, తలెత్తి,
సొంత బిడ్డను చూసినట్టు బల్బును చూస్తున్నారు.
మా ఇల్లందులో కరెంటు పోయిన రాత్రుల్లో
ఈ సంగతి తెలిసుంటే
వాడవాడంతా పుచ్చకాయలు తినేవాళ్లం.

సాయంత్రం ఆయన వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, టోపీ, జేబులో పీల్చే మందు.
పేరు ఇడ్రిస్. కింద వీధిలోనే ఇల్లు,
ఈ గుట్ట కింద ఇరవై ఆరేళ్లు పని.
వేదిక వెనక కట్టిన గుడ్డ మీద ఎర్రక్షరాలు చదివాడు, పైకే:
"బొగ్గు చచ్చిపోయింది."
"అవునా," అన్నాడు. "చావు కబురు నాకెవరూ చెప్పలేదే."
ఎవరూ నవ్వలేదు. కెరిస్ చెవులు ఎర్రబడ్డాయి.
ఆ గుడ్డ రాసింది తనే.

ఆయన మణికట్టు మీది నీలి గీతలు నాకు తెలుసు.
చర్మం కిందికి పోయిన బొగ్గు సబ్బుకు లొంగదు.
సింగరేణి సైరన్‌కు లేచే వీధిలో పుట్టినదాన్ని,
ఆ చేతులది ఏ ఊరని
అడగక్కర్లేదు.

తొమ్మిదిన్నరకు మీటరు పదకొండు శాతానికి పడింది.
వేదిక మీద కవిత చదువుతున్న అమ్మాయి ముఖం
మాట మాటకీ చీకట్లోకి జారిపోతోంది.
సైకిళ్లెక్కండి అని అరిచాను.
కుర్రాళ్లు ఎక్కారు. ఎగిరెగిరి తొక్కారు.
ముల్లు నూట ఎనభైకి దూకి
నిమిషంలో ముప్పైకి, పదికి.
ఆమె గొంతూ అట్లాగే,
ఒక పెద్ద వాక్యం, ఒక చిన్న వాక్యం,
మాట,
గాలి.

అప్పుడాయన టోపీ తీసి నా చేతికిచ్చాడు.
"షిఫ్టు ఎంతసేపు?" అన్నాడు.

తొందర లేదు. పందెం లేదు.
మోకాలు లేచింది, దిగింది.
నలభై వాట్లు.
ముల్లు అక్కడే, గోడకు కొట్టిన మేకులా.
పద్దెనిమిది నిమిషాలు.
దగ్గు తెర వచ్చినప్పుడు కూడా కాళ్లు తడబడలేదు.
వెలుగు ఆమె కాగితం మీద
గిన్నెలో పాలలా కదలకుండా నిలిచింది.
ఆమె ఏం చదివిందో నాకు గుర్తులేదు.
సముద్రం గురించి అనుకుంటా.

దిగాక టోపీ అడిగాడు. టీ వద్దన్నాడు,
తొమ్మిది రకాల్లో తనది లేదట.
గుడ్డ వానకు నాని, ఎరుపు కారి,
"చచ్చి" అన్న చోట మరకే మిగిలింది.
ఎవరూ విప్పలేదు, ఎవరూ మళ్లీ రాయలేదు.

రాత్రి లెక్కల పుస్తకం.
ఎండ: సున్నా. గాలి: కొంచెం. ఉచ్చ: పావు తక్కువ ఆరు.
సైకిల్ మూడు, ఇడ్రిస్: పన్నెండు వాట్-గంటలు.
పక్కన "మూలం" అనే గడి.
కుర్రాళ్ల వరుసల్లో "కాళ్లు" అని రాసుకుంటూ వచ్చాను.
ఆ ఒక్క వరుస దగ్గర పెన్ను ఆగింది.
తెలుగులో రాశాను, ఎవరూ అడగకుండా:
బొగ్గు.

పొద్దున కెరిస్ దాని మీద వేలు పెట్టి
ఇదేం రాశావని అడగనే అడిగింది.
పేరు, అన్నాను.
తలూపి,
గాలిమరకు నూనె పెట్టడానికి పోయింది.