ఎడమ చెయ్యి

హనుమంతవాక మలుపులో
బస్సు ఉన్నపళంగా ఆగింది.
ఒళ్ళంతా ముందుకెళ్ళిపోయింది,
ఎడమ చెయ్యి మాత్రం రాడ్డు వదల్లేదు.
పద్నాలుగేళ్ళ అలవాటు మరి.
సంచీ తెగి రూపాయి బిళ్ళలు సీట్ల కిందకి దొర్లాయి.
నేను వాటినే చూస్తున్నాను.
భుజం ఉండాల్సిన చోట భుజం లేదని
వెనక సీట్లో చేపలావిడ కేకేస్తే తెలిసింది.

పదకొండు వారాల తరవాత
కేజీహెచ్‌లో ఫిజియోథెరపీ పిల్ల, హిమజ,
"ఏమీ కొనక్కర్లేదండీ,
మీ బరువు మీకు చాలు" అంది.
డెబ్భై రెండు కేజీలు.
ఇన్నాళ్ళూ తగ్గించుకోమన్నవాళ్ళే అందరూ,
వాడుకోమన్నది ఈ పిల్లొక్కతే.

కంచరపాలెంలో మా అద్దె వాటా గోడ,
ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడ.
అరచేతులు ఆనించి
ముక్కు సున్నానికి తగిలేదాకా వంగి
మళ్ళీ వెనక్కి.
మొదటి రోజు రెండున్నర.
ఆ సగం దగ్గర ఆగిపోయి
నుదురు గోడకానించి అలాగే ఉండిపోయాను.
చూసింది ఎదురింటి మరిడమ్మ.
"గోడ పడిపోతాదని పట్టుకున్నావేటే?"
ఎవరు ఎవర్ని పట్టుకున్నారో
చెప్పడానికి ఊపిరి లేదు.

లెక్క నాకు కొత్త కాదు.
ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు, పాసులవాళ్ళు,
ఐదేళ్ళు నిండలేదని ఒడిలో ముడుచుకున్న ఏడేళ్ళ పిల్లలు.
ఈ లెక్కలో మాత్రం
ఎక్కేదీ నేనే, దిగేదీ నేనే.
వంగేటప్పుడు హోల్డాన్,
లేచేటప్పుడు రైట్ రైట్.

నొప్పులు రెండు రకాలని హిమజ చెప్పింది.
కండ మూలిగే నొప్పికి సీటివ్వొచ్చు,
కాసేపు కూర్చుని అదే దిగిపోతుంది.
కీలు లోపల సూదిలా గుచ్చేదాన్ని
స్టాపు రాకపోయినా
అక్కడికక్కడే దించెయ్యాలి.

గోడ నుంచి వంటింటి గట్టుకి,
గట్టు నుంచి మేడమెట్లకి,
ఐదో మెట్టు, మూడో మెట్టు.
ఇదేం చదువో,
పై తరగతికి వెళ్ళాలంటే కింద మెట్టుకి దిగాలి.
బాగుపడుతున్నకొద్దీ
నేల దగ్గరవుతోంది.

తుపాను పట్టిన రోజు
కరెంటు లేదు, తోచుబడి లేదు.
పంతం పట్టి ఒకేసారి నేలమీదకి దిగాను.
లోపల ఏదో టక్కుమంది.
ఆ వారమంతా జడ మా అబ్బాయే వేశాడు,
వంకరగా, తిట్టుకుంటూ.
హిమజ కోప్పడలేదు,
మళ్ళీ గోడ దగ్గరకి పంపింది.
గోడా ఏమీ అనలేదు.
నా చేతుల మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి,
ఎడమది కాస్త పలచగా.

ఇప్పుడు మద్దిలపాలెం డిపోలో లైట్ డ్యూటీ.
గాజు వెనక కూర్చుని
పాసుల ఫోటోలకి ముద్ర కొడతాను.
ఏ బస్సు బయల్దేరినా
నా కాళ్ళు కుర్చీ కింద కుదుపు కాచుకుంటాయి.

నిన్న సాయంత్రం
గ్యారేజీ చివర నిలిపిన బస్సెక్కాను.
తడి రబ్బరు వాసన. ఎవరూ లేరు.
ఎడమ చెయ్యి పైకెత్తాను.
చెవి దాకా సుళువు. ఆపైన
ఎవర్నో బతిమాలుతున్నట్టు, జానెడు జానెడు.
రాడ్డు చల్లగా దొరికింది.

మోకాళ్ళు కొంచెం సడలించాను.
కాళ్ళ నుంచి ఒక కేజీ, రెండు కేజీలు
భుజానికి అప్పగించాను,
చంటిబిడ్డని కొత్త మనిషి చేతికిచ్చినట్టు.
మూలిగింది. సూది లేదు.
ఇంకో నాలుగు కేజీలు.

ఒకటి. రెండు. మూడు.
బయట గొట్టంతో నీళ్ళు కొడుతున్న బంగార్రాజు
అద్దం మీద తట్టాడు.
"ఈ బండెక్కడికీ ఎల్లదమ్మా,
ఇంజను దించేసినారు."

"తెలుసు" అన్నాను.

నాలుగు.