రహస్య ప్రశ్న

బ్రోకెన్ హిల్ గ్రంథాలయంలో
గురువారం పొద్దుటి పూట నా పని
ముసలి వేళ్ళకు మీటలు చూపించడం.

బయట నలభై రెండు డిగ్రీలు.
ఎర్రమట్టి గాలి తలుపు సందులోంచి దూరి
కీబోర్డు మీద పలచగా కూర్చుంటుంది.
తుడిచే గుడ్డొకటి నా సొరుగులో ఎప్పుడూ ఉంటుంది.

పది కొట్టకముందే వచ్చింది ద్రాగిత్సా వులేటిచ్,
ప్లాస్టిక్ సంచీ నిండా కాగితాలతో.
పింఛను ఉత్తరం, పచ్చటి మెడికేర్ కార్డు,
మడతల దగ్గర చిరిగిన పెళ్ళి సర్టిఫికెట్.
మూడింట్లో మూడు పేర్లు.
ఓడ దిగిన రోజు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఒకటి,
చర్చిలో ఫాదర్ రాసింది ఒకటి,
పలకలేక ఆసుపత్రి వాళ్ళు కత్తిరించుకున్నది ఇంకొకటి.
"వీటిలో నేనెవర్ని?" అంది.
కంప్యూటర్ కూడా అదే అడుగుతోందని చెప్పాను.

ఫోన్‌లో అయితే గంటన్నర పాట వినిపించారట.
మంచి పాటే, కానీ ఒకటే పాట.
చివరికి ఒకమ్మాయి వచ్చి
ఆన్‌లైన్‌లో చూసుకోండమ్మా అని పెట్టేసిందట.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన వేళ్ళు.
గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.
తాకుతుంది, తెర పలకదు.
గట్టిగా నొక్కుతుంది, రెండు పేజీలు దాటిపోతుంది.

పాస్‌వర్డ్‌కి మీ ఆయన పేరు పెట్టొద్దు, అందరూ అదే పెడతారన్నాను.
"స్టిపాన్ పేరా! బతికుండగానే
వారానికి రెండు తాళంచెవులు పారేసేవాడు,
ఆయన్ని నమ్మి తాళం వేస్తానా?"

ఆరంకెల కోడ్ వచ్చింది.
కళ్ళజోడు వెతికేలోగా చచ్చిపోయింది.
ఇంకొకటి వచ్చింది. కళ్ళజోడు దొరికింది గానీ
అంకెలు తన భాషలో చదివింది,
నాకు అర్థమయ్యేలోగా అదీ పోయింది.
మూడోదాన్ని ఇద్దరం కలిసి పట్టుకున్నాం,
దొడ్లో కోడిపిల్లను పట్టినట్టు.

తర్వాత రహస్య ప్రశ్న.
మీ మొదటి కారు ఏది?
కొనలేదు.
మీ మొదటి పెంపుడు జంతువు పేరు?
"తినడానికి పెంచేవాటికి మేం పేర్లు పెట్టేవాళ్ళం కాదు."
నచ్చకపోతే సొంత ప్రశ్న రాసుకోవచ్చు అన్నాను.

చాలాసేపు ఊరుకుంది.
ఫ్యాను తిరుగుతోంది. పక్క కుర్చీలో ఎవరో
గుర్రప్పందేల పేజీ చదువుతూ నిద్రపోయాడు.
అప్పుడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ,
ఒంటి వేలితో,
ఒక్క తప్పూ లేకుండా రాసింది:

వాన పడ్డ రాత్రి గనిలోంచి స్టిపాన్ ఏం తెచ్చాడు?

"నువ్వు అటు తిరుగు" అంది నాతో.

తిరిగాను. కిటికీ అవతల
గని తవ్వి పోసిన నల్లటి మిట్ట,
దాని మీద ఎండ.
వెనక మీటల చప్పుడు లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను:
ఆరు. కాసేపు ఆగి, ఒకటి చెరిపి, మళ్ళీ ఒకటి.

ఖాతా తెరుచుకుంది.
పద్నాలుగు రోజుల పింఛను, పైసలతో సహా.
కంటి ఆపరేషన్‌కి ఆవిడ వరస ఇంకా రాలేదన్న సంగతి.
అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టామన్నాను,
గని ఊళ్ళో ఆ మాట అనకూడదేమో అనిపించింది అన్న తర్వాత.
ఆవిడ మాత్రం నవ్వింది.
కాగితాలన్నీ సంచీలో పెట్టుకుని
కుర్చీని సరిగ్గా బల్ల కిందికి నెట్టి వెళ్ళిపోయింది.

ఈ ఊళ్ళో వాన ఎన్నిసార్లు పడుంటుంది?
ఏం తెచ్చుంటాడు? వెండి రాయా, బల్లిపిల్లా,
తినకుండా మిగిల్చిన రొట్టెముక్కా?
ఆరక్షరాల్లో ఏదీ ఇమడటం లేదు.

కాన్‌బెర్రాలో ఏదో చల్లటి గదిలో
ఒక యంత్రానికి తెలుసు ఆ సంగతి.
అది ఎవరికీ చెప్పదు.
నేను కీబోర్డు తుడిచాను.