బాలమణికి, చికాగో పోయేముందు

జంపఖానా చుట్టేటప్పుడు రంగు లోపలి దిక్కు ఉంచు.
విమానంల చెద పట్టదు గని
ఎత్తేసేటోళ్లకు కనికరం ఉండదు.
నేను పోయింది ఒక్కసారే. ఆరు వారాలు.
గది సొసైటీ పేరు మీద, చలి నా పేరు మీద.
నాకు తెల్సింది గింతే, బాలమణీ,
తెల్వనిది నువ్వే నేర్చుకొనొచ్చి
కొత్తవాడల నలుగురికి చెప్పు.

పట్నం జూసి బుగులువడకు. అది సుత నేతనే.
ఉత్తరం దక్షిణం పడుగు, తూర్పు పడమర పేక.
పోగు తప్పితే ఎట్ల లెక్కవెడ్తవో
సందులు గట్లనే లెక్కవెట్టు.
ఎనిమిది సందులకు ఒక మైలన్నరు నాకు.
నడుమల ఒక రోడ్డు మాత్రం ఏటవాలుగ ఉరుకుతది,
అది నేసినోడు ఆ పూట తాగొచ్చి ఉంటడు.

కంబానికి గుండీ ఉంటది, ఒత్తు.
తెల్ల మనిషి బొమ్మ వెలిగినంక అడుగెయ్యి.
కారు ఆగి, నువ్వే ముందు పొమ్మంటది.
హన్మకొండ చౌరస్త ముప్పై ఏండ్లు దాటినోన్ని,
ఆ మర్యాదకు కాళ్లాడక నిలవడ్డ.
వెనుక ఏడు కార్లు.
ఒక్కటి హారన్ కొట్టలే.

"హౌ ఆర్ యు" అంటరు. అది ప్రశ్న గాదు.
మొదటి దినం నేను మోకాలు నొప్పి సంగతి ఎత్తుకున్న,
ఆమె పాపం నిలవడి మొత్తం విన్నది.
ఆమె బస్సు పోయింది.

చీటీ మీద ఒక ధర, గల్లకాడ ఇంకో ధర,
పన్ను తర్వాత కలుస్తది, మోసం గాదు.
హోటల్ల తింటే, తెచ్చిపెట్టిన పిల్లకు
బిల్లుల ఐదోవంతు విడిగ పెట్టు.
బిచ్చమనుకోకు, ఆమె కూలి అదే.
గజం లెక్కన బతికినోళ్లం, మనకు చెప్పాల్నా.

చెంబు ఉండదు. చిన్న సీస సంచిల వెట్టుకో.
మనోళ్లందరి సంచిలల్ల ఉంటది, ఒక్కలు చెప్పరు.

చలికి ఫోను సచ్చిపోతది,
చిరునామా కాయిదం మీద రాసుకో.
గాలి చెరువు మీదికెల్లి కోస్తది.
చెరువంటున్న గని అవుతలి గడ్డ కానరాదు,
దాని ముంగట మన వడ్డేపల్లి చెరువు చాయ గిలాస.

పోపు వెట్టేముందు కిటికీ తెరువు.
పైన గుండ్రటి డబ్బ ఉంటది,
ఎండుమిరపకాయ దానికి పడదు.
నా పప్పుకు ఐదంతస్తుల జనం
మెట్లు దిగి బయట చలిల నిలవడ్డరు,
ఒక ముసలాయన చెప్పులు సుత లేకుంట.
తెల్లారి ఆయనకు గిన్నెల పప్పు ఇచ్చిన.
కండ్లెంబడి నీళ్లు కారవట్టె,
గిన్నె మాత్రం నాకి ఇచ్చిండు.

ధర ఒక్కసారే చెప్పు. చెప్పి సప్పుడు జెయ్యకు.
నేను రెండువందల డాలర్లన్న,
నూటిరవైకి దిగుదామని మనసుల వెట్టుకొని.
ఆమె బేరమాడలే.
అంచు మీద అరచెయ్యి వెట్టి
ఎన్ని దినాలు నేసినవని అడిగింది.
తొమ్మిదన్న.
కార్డు గీకి, చంకల వెట్టుకొని పోయింది.
ఆ రాత్రి నిద్ర రాలే నాకు.
ఎక్కువ గుంజుకున్ననా,
ఇన్నేండ్ల సంది తక్కువకు ఇచ్చిన్నా
రెండు తీర్ల లెక్క వేసిన, తేలలే.

రైలు వంతెన కిందికెల్లి పోకంటరు.
పొద్దుగూకితే పోకు. పగటిపూట పోవచ్చు.
అట్టముక్కల మీద మనుషులు పండుకొని ఉంటరు.
ముందుగాల నాకెవ్వలు చెప్పలే,
అందుకే చెప్తున్న.
సొసైటీ పుస్తకంల నా అక్షరాలతోని ఉంటది చూడు:
ఎర్రంచు, మూడుకు ఐదు,
తడిసి చెడింది, ఒకటి.
తడవలే అది.

బట్టల మిషన్ చిల్లర నాణేలే తింటది,
దొరికినప్పుడు దాచుకో.
తొక్కు సీసకు రెండు కవర్లు కట్టు.

ఇగ ముడి బిగించు. గట్ల గాదు, గిట్ల.
సుతిలి కోసేందుకు కత్తి చేతిసంచిల వెట్టకు,
గుంజుకుంటరు.
ఆడ పండ్లతోని తెంపు.