గీతకి అవతల

ఫైరింజన్‌ని బయట ఎండలో నిలబెట్టి
దాని షెడ్డులో రెండు మడత బల్లలు వేశారు.
పేరు చూసి సంతకం పెట్టించడం నా పని.

మా టర్కీ ఫోర్డ్‌కి మేయరు లేడు,
మురుగు పైపు లేదు.
కౌంటీ మ్యాపులో బూడిదరంగు మరక, అంతే.
బోరు నీళ్లు తుప్పు వాసనేస్తే
పక్క నగరానికి ఆరు అర్జీలు పెట్టాం.
అడగందే అమ్మైనా పెట్టదంటారు;
అడిగినా పెట్టలేదు ఆ మహాతల్లి.
"మీరు గీతకి అవతల" అంది.

నిరుడు హైవే పక్కన గోదాము లేచింది.
గీతకి కాళ్లొచ్చాయి.
మా పెరళ్ల మీదుగా అటే నడుస్తూ
కొత్త చట్టం అడ్డొచ్చి
గుమ్మం దగ్గర ఆగింది:
"రమ్మంటారా?"

మూడున్నరకి వెర్లన్ టాడ్‌లాక్ వచ్చాడు,
ఆక్సిజన్ సిలిండర్ని చక్రాల మీద లాక్కుంటూ.
బ్యాలెట్ని అటూ ఇటూ తిప్పాడు.
"నీళ్లు కావాలి. వాళ్లు అక్కర్లేదు.
ఆ గడి ఎక్కడమ్మా?"
లేదన్నాను.
వెనక క్యూ దగ్గింది.
ఉన్న రెంటిలో ఒకటి నింపాడు,
ఏదో నేను చూడలేదు.

పెన్సిలు చెవి మీద పెట్టుకుని
అలాగే వెళ్లిపోయాడు.
నేనూ అడగలేదు.