పద్నాలుగో ప్రశ్న

కొత్తపేటలో మెట్లెక్కి వచ్చే పిల్లలు
తలుపు దగ్గర చెప్పులు సర్దుకుంటారు
అవసరానికి మించి చాలాసేపు.

మార్చిలో యార్డు గాలి ఇటు తిరిగితే
వీధి వీధంతా తుమ్ముతుంది.
కళ్ళు తుడుచుకుంటూ "మిర్చి ఘాటు మేడం" అంటారు.
ఒప్పుకుంటాను.
గుంటూరులో ఏడుపుకి ఇంతకన్నా మర్యాదైన సాకు లేదు.
ప్రణీత్ మాత్రం ఆగస్టు ముసురులో అన్నాడు అదే మాట.
కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

నేను మొదలుపెట్టింది కాగితాలతో.
ఎనిమిది వందల నలభై మంది, తొమ్మిదో తరగతి,
తెనాలి నుంచి నరసరావుపేట దాకా
ఎర్రబస్సుల్లో ఒళ్ళో పెట్టుకు మోసిన కట్టలు.
ఎప్పుడూ, అప్పుడప్పుడూ, ఎన్నడూ లేదు:
మూడు గళ్ళు, ఒక టిక్కు.

పొన్నూరు బాలికల హైస్కూలు కట్టలో ఒకతె
పద్నాలుగో ప్రశ్న దగ్గర,
నీ మాట ఇంట్లో ఎవరైనా వింటారా,
ఏ గడీ ముట్టుకోలేదు.
పక్కన పెన్సిల్‌తో
"మళ్ళీ ఎప్పుడు అడుగుతారు?"

చెల్లదు అని రాసి లెక్కలోంచి తీసేశాను.
నా పేరు ముందుకి డాక్టర్ వచ్చింది.
రెండో విడత సర్వేకి డబ్బు రాలేదు.

ఇరవై ఆరేళ్ళు.
ఆ కాగితం అంచులు ఎండుమిరప తొడిమల్లా విరుగుతున్నాయి.
పేర్లు రాయొద్దని చెప్పింది నేనే,
ఎక్కడని వెతకను?

ఇవాళ చివరిగా ఒక ఇంటర్ కుర్రాడు,
హాస్టల్ గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే.
నలభై నిమిషాలు ఫ్యాన్ చప్పుడు విన్నాం ఇద్దరం.
లేచేటప్పుడు, "మళ్ళీ రావాలా?"

"బుధవారం. ఆరింటికి."

నా పెన్ను అడిగి తీసుకుని
అరచేతిలో రాసుకున్నాడు.