ఎర్తు

గ్రైండరు ముట్టుకుంటే జివ్వుమంటుందంటే
"అంతా నీ భ్రమే" అన్నాడు మా ఆయన
రబ్బరు చెప్పుల్లో నిలబడి.

పలమనేరు నుంచి జిలానీ వచ్చాడు.
చెప్పులు గడప బయటే విడిచి
తడినేల మీద నిలబడి
చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకతో తాకి
"యా అల్లా!" అని ఎగిరాడు.
పాపం, నాకెంత సంతోషమేసిందో!

పెరట్లో మూడడుగులకే బండ.
కరివేపాకు పక్కకు జరిగి మళ్లీ తవ్వాడు.
ఎర్రమట్టి, గరుసు, ఆ కింద చెమ్మ.
పైపు దించి
బొగ్గు ఒక వరస, కల్లుప్పు ఒక వరస
జాడీలో మామిడికాయ పెట్టినట్టు.

"ఎండల్లో వారానికి రెండు బిందెలు పొయ్యక్కా,
గొంతెండితే భూమైనా తీసుకోదు."

పోస్తున్నా.
"వట్టి మట్టికి నీళ్లెందుకే?"
అంటాడు ఈయన కిటికీలోంచి.

చెప్పులిప్పి రా, చెప్తా.